గాలిబావుల ఊళ్ళో నాలుగో వార్డు

మార్చి 4

ఈ రోజు ప్రమాణం చేశాను. మెరకపేట పురపాలక సంఘంలో నాలుగో వార్డు సభ్యురాలినయ్యాను. పదవిలో ఉన్నన్నాళ్ళూ సభ్యులు దినచర్య రాయాలని, వార్డులో ఎవరడిగినా చదవడానికి ఇవ్వాలని ఇక్కడి నిబంధన. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

నా పేరు సువార్త. రేవు వీధిలో టిఫిన్ కొట్టు నాది. నా భర్త కరుణాకర్ గాలిబావుల మీద పని చేస్తాడు. సముద్రం లోపలికొచ్చి నేలలో నీళ్ళన్నీ ఉప్పు కషాయమయ్యాక మా ఊరు బతుకుతున్నది వాటి మీదే. తాటిచెట్టంత ఎత్తు ఇనుప చట్రాలకు అంచెలంచెలుగా తెరలు కట్టి ఉంటాయి. రాత్రంతా ఆ తెరలు గాలిలో చెమ్మ పీల్చుకుంటాయి, ఎండ ఎక్కాక నీరుగా వదులుతాయి. ఆ నీరు కింద తొట్టిలోకి, అక్కడి నుంచి కుళాయిలకి వెళ్తుంది. తెరలకు పట్టిన ఉప్పు కడగడం కరుణాకర్ పని.

ఎన్నికల్లో నేనిచ్చిన మాట ఒక్కటే. పొద్దున పూటే వచ్చే కుళాయి సాయంత్రం కూడా వచ్చేలా చేస్తానన్నాను. ఆ ఒక్క మాటకే మా వార్డు ఆడవాళ్ళు నన్ను గెలిపించారు. నా చేతిలో ఓడిపోయింది అంకమరావు గారు. పడవలు కట్టే వడ్రంగి, వరసగా రెండుసార్లు గెలిచిన మనిషి. ఊళ్ళో సగం మందికి ఆయన బాబాయి. నాకూ అంతే.

ప్రమాణమై బయటికి వచ్చేసరికి ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గొడవకొచ్చాడేమో అనుకున్నాను.

“ఏమ్మాయ్, ఖాళీయేనా? వార్డు తిరిగొద్దాం రా.”

“వార్డు నాకు తెలీదా బాబాయ్? పుట్టి పెరిగింది ఇక్కడే కదా!”

“ఇక్కడ ఉన్నోళ్ళకి తెలిసేది వేరు. అందరి చేతా అడిగించుకునేవాళ్ళకి తెలియాల్సింది వేరు. రా.”

ఎండలో వీధి వీధీ తిప్పాడు. ఏ మలుపులో పైపు కారుతుందో, ఏ ఇంట్లో ముసలామె బిందె ఎత్తలేక పక్కవాళ్ళని అడగడానికి మొహమాటపడుతుందో, ఏ రెండు కుటుంబాలను ఒకే మీటింగుకు పిలిస్తే కొట్టుకుంటాయో, అన్నీ చెప్పాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను, నా మీద కోపం లేదా అని.

“ఎందుకు లేదు? ఉంది. నాలుగు రోజులు పోతే తగ్గుద్ది. అప్పటిదాకా పైపు కారకుండా ఆగుద్దా ఏంటి?” అన్నాడు.

ఓడిపోయిన మనిషి ఇలా ఉండగలడని నాకు తెలియదు. నేనే ఓడిపోయి ఉంటే ఇంట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు.

మార్చి 15

మొదటి సమావేశం. మొత్తం ఏడుగురు సభ్యులం, మాలో నాంచారమ్మ గారు చైర్‌పర్సన్. ఒకప్పుడు లంకల మధ్య లాంచీ నడిపారు. ఇంజను మోత మీద మాట్లాడి మాట్లాడి ఆ గొంతు అలాగే నిలిచిపోయింది. ఆమెకో పద్ధతి ఉంది. ఏ ప్రతిపాదన వచ్చినా ముందు వద్దనేవాళ్ళ చేత మాట్లాడిస్తారు. “కావాలనేవాళ్ళు ఎలాగూ మాట్లాడతారు. వద్దనేవాళ్ళు మనసులో పెట్టుకుని ఇంటికి పోతే ఊరికి నష్టం” అంటారు.

నా సాయంత్రం కుళాయి మీద కూడా అలాగే చేశారు. ఒకటో వార్డు సభ్యుడు నన్ను ఉతికి ఆరేశాడు. పడమటి గాలి రోజుల్లో తెరలకు చెమ్మ దొరకదని, ఇప్పుడే తొట్టి ఖాళీ చేసుకుంటే అప్పుడు నోరు తడుపుకోవడానికి కూడా ఉండదని అన్నాడు. నేను తడబడుతూనే జవాబు చెప్పాను. చివరికి గాలి మళ్ళేదాకా ఇచ్చి చూద్దామని ఒప్పుకున్నారు.

సాయంత్రం మా వార్డులో కుళాయి తిప్పినప్పుడు ఆడవాళ్ళు ఈలలు వేశారు. మా పక్కింటి సామ్రాజ్యం అయితే మొదటి చెంబు నీళ్ళు నా నెత్తిన గుమ్మరించింది. ఆమె అరిచి ప్రచారం చేయకపోతే నేను గెలిచేదాన్నే కాదు. తడిసిన చీరతోనే ఇల్లు చేరి చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను. ఒక మనిషి నోటి మాట నలుగురి ఇంట్లో నీళ్ళవడం ఎంత గొప్ప సంగతి!

ఏప్రిల్ 6

పడమటి గాలి ముందే వచ్చేసింది. పొద్దున ఇడ్లీ పిండి మీద కప్పిన తడిబట్ట గంటలో అట్టలా బిగుసుకుపోయింది. కరుణాకర్ గాలిబావి దిగి వచ్చి, తెరలు ముట్టుకుంటే గరగరలాడుతున్నాయన్నాడు. తొట్టి రోజురోజుకీ కిందికి పోతోంది. సాయంత్రం కుళాయి ఇంకెన్నాళ్ళో ఉండదని వార్డులో చెప్పడం మొదలుపెట్టాను. సణిగారు కానీ అర్థం చేసుకున్నారు.

మధ్యాహ్నం అసలు కబురు వచ్చింది. మనకు తూర్పున నీళ్ళకవతల ఉన్న కొత్తలంకలో ఉప్పుగాలి దుమారం రేగి గాలిబావులన్నీ కూలిపోయాయట. తాగడానికి నీళ్ళు లేవు. సముద్రపు నీటిని మంచినీరు చేసే పెద్ద యంత్రాలు ఓడరేవు నగరాల్లోనే ఉన్నాయి, అక్కడ ఇప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. వానలు పడేదాకా మెరకపేటలో చోటివ్వమని కొత్తలంక కౌన్సిల్ అడుగుతోంది. దాదాపు తొమ్మిది వందల మంది.

కొత్తలంక పేరు వినగానే మా కొట్టు ముందున్న వాళ్ళంతా ఒక్కసారి మాట ఆపేశారు. మా ఊళ్ళో ఆ పేరు మామూలుగా ఎవరూ పలకరు. ఉప్పెన వచ్చిన ఏడాది మెరకపేట మునిగినప్పుడు మనవాళ్ళు పడవలెక్కి ఎత్తుమీదున్న కొత్తలంకకు వెళ్ళారు. వాళ్ళు గట్టు మీద గడలు పట్టుకుని నిలబడి ఒక్క పడవను కూడా ఒడ్డు చేరనివ్వలేదు. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. పడవల్లోనే కొంతమంది పోయారు. వాళ్ళలో అంకమరావు బాబాయి తల్లి ఒకరు.

ఏప్రిల్ 8

కౌన్సిల్ అత్యవసరంగా కూర్చుంది. నీళ్ళ లెక్కలు కట్టే అంచనా యంత్రాన్ని అడిగాం. అది లెక్క చెప్పగలదు కానీ నిర్ణయం చేయకూడదు, అది మన చట్టం. ఇంటింటికీ ఇప్పుడిచ్చే నీళ్ళలో సగం ఇస్తే అందరికీ ప్రాణం నిలిచేంత సరిపోతుందంది. గాలి ఇంకా ముదిరితే మాత్రం ఏమీ చెప్పలేనంది.

ముగ్గురు రానిద్దామన్నారు. ముగ్గురు వద్దన్నారు. ఆరుగురూ నా వైపు చూశారు. నాలుగో వార్డు నన్ను పంపింది నీళ్ళు ఎక్కువ తెమ్మని. నేను సగానికి సగం కోతకు చెయ్యెత్తాలా?

“ఆలోచించుకోవాలండీ” అన్నాను. సిగ్గుగా అనిపించింది.

నాంచారమ్మ గారు నన్ను తొందరపెట్టలేదు. “అందరూ వార్డులకు వెళ్ళి చెప్పిరండి. తెలియకుండా చేశారనే మాట రాకూడదు. ఎల్లుండి కాక ఆ తర్వాతి రోజు ఓటు పెడతాను” అన్నారు. బయటికి వస్తుంటే నా భుజం మీద చెయ్యి వేశారు. “నా ఓటు ఎటో చెప్పి నీ మీద బరువు పెట్టను, సువార్తా. నీ సీటు నీది.”

ఆమె రానిద్దామన్న ముగ్గురిలో ఉన్నారని నాకు తెలుసు. నన్నొక్కదాన్ని ఒప్పిస్తే చాలు, పని అయిపోతుంది. అయినా అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను నిలదీసింది.

ఇంటికొచ్చి కరుణాకర్‌ని అడిగాను, నువ్వైతే ఏం చేస్తావని.

“తెరలు కడగడమే నాకొచ్చిన పని. నన్నడిగితే ఎట్టా?” అన్నాడు మొదట. కాసేపటికి మళ్ళీ అతనే, “నిన్న పైనుంచి చూస్తే కొత్తలంక వైపు ఒక్క చట్రం కూడా నిలబడి లేదు. అంత ఖాళీగా ఉంటుందనుకోలేదు” అన్నాడు.

ఏప్రిల్ 10

వార్డు సభ ఈ సాయంత్రం బడి ఆవరణలో జరిగింది. వార్డంతా వచ్చింది. అంకమరావు బాబాయి వెనక బెంచీ చివర కూర్చున్నాడు.

మొదట ఉన్న పరిస్థితి చెప్పాను. తర్వాత నా మాట చెప్పాను.

“రేపు నేను రానిద్దామనే చెయ్యెత్తుతాను. మీకు సాయంత్రం కుళాయి తెస్తానన్నాను, తెచ్చాను, ఇప్పుడు నేనే కట్టేయిస్తున్నాను. పొద్దున నీళ్ళు కూడా సగమే వస్తాయి. ఇది మీకిచ్చిన మాట తప్పడమే. కాదని చెప్పను.”

ముందు లేచింది సామ్రాజ్యం. “నీ కోసం గొంతు చించుకున్నా గదే! ఇందుకేనా? మన పడవల్ని తిప్పిపంపినోళ్ళకి మన బిడ్డల నీళ్ళు పోస్తావా?”

ఆ తర్వాత ఎవరి మాటా వినపడలేదు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఎవరో దింపెయ్యండి అన్నారు. వార్డులో సగానికి పైగా చేతులెత్తితే సభ్యుణ్ణి అక్కడికక్కడే తీసేయొచ్చు, ఆ సీటులో మరొకరిని కూర్చోబెట్టొచ్చు. “అంకమరావే మళ్ళీ ఉండాలి” అని కేకలు మొదలయ్యాయి. ఇద్దరు వెళ్ళి ఆయన్ని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చారు. నేను పక్కకు జరిగి చోటిచ్చాను. నిజం చెప్పాలంటే కొంత ఊరటగా కూడా అనిపించింది.

ఆయన తుండుతో ముఖం తుడుచుకుని జనం వైపు తిరిగాడు.

“నన్ను కూర్చోమంటన్నారు. సంతోషం. కూర్చుంటే రేపు నేనేం చెయ్యాలి? వద్దని చెయ్యెత్తాలి. అంతేగా?”

“అంతే!”

“మా అమ్మ సంగతి మీకందరికీ తెలుసు. అందుకని నేను తప్పకుండా ఎత్తుతానని మీ నమ్మకం.”

అవునన్నట్టు కొందరు తలలూపారు.

“ఆ రోజు పడవలో మా అమ్మ తల నా ఒళ్ళోనే ఉంది. గడలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డోళ్ళని కళ్ళారా చూశా. చాన్నాళ్ళు వాళ్ళు మనుషులే కాదనుకున్నా. తర్వాత మీరు నన్ను కౌన్సిల్‌కి పంపారు. అక్కడ కూర్చున్నాక తెలిసొచ్చింది. మనం పోకముందే వాళ్ళూ ఇట్టాంటి మీటింగే పెట్టుకుని ఉంటారు. నీళ్ళు చాలవనుంటారు. పిల్లలున్నారనుంటారు. రానియ్యడమే న్యాయమని తెలిసినోళ్ళు అక్కడ కూడా ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. ఊరంతా అరిచేసరికి భయపడి లేచుండరు. అంతే జరిగింది. మా అమ్మ పోయింది ఆ లేవనోడి వల్ల.”

ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

“ఇవాళ ఈ అమ్మాయి లేచింది. నేను కూర్చోబెట్టను. నాకీ సీటు ఇట్టా వద్దు. మీరు కూర్చోబెడతారా, మీ ఇష్టం.”

తుండు భుజాన వేసుకుని మళ్ళీ వెనక బెంచీకి వెళ్ళిపోయాడు.

చేతులెత్తమని నేనే అడిగాను. అడగక తప్పదు, నిబంధన. లేచాయి. తక్కువేం కాదు. కానీ లేచిన చేతుల్లో కొన్ని పక్కవాళ్ళ వైపు చూసి నెమ్మదిగా దిగాయి. సామ్రాజ్యం చెయ్యి మాత్రం చివరిదాకా దిగలేదు. సగం కాలేదు. నేను మిగిలాను.

అందరూ వెళ్ళాక బాబాయి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయాను.

“రేపు సరిగ్గా చెయ్యెత్తు. సగం ఎత్తి ఆపమాక” అన్నాడు.

ఏప్రిల్ 11

పూర్తిగా ఎత్తాను. రానిద్దామన్నది నలుగురం, వద్దన్నది ముగ్గురు. ఓటు కాగానే నాంచారమ్మ గారు వద్దన్న ముగ్గురినీ పేరు పేరునా పిలిచి, వచ్చేవాళ్ళకు చోటు, తిండి, నీళ్ళు చూసే బాధ్యత వాళ్ళకే అప్పగించారు. “లోటుపాట్లు మీకే బాగా కనపడతాయి” అన్నారు. నన్ను ఉతికి ఆరేసిన ఒకటో వార్డు సభ్యుడు కాసేపు ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత ఎవరినీ అడగకుండా తన గోదాము ఖాళీ చేయించడానికి వెళ్ళాడు. మా ఊళ్ళో మనుషులు ఇలాంటివాళ్ళు. దెబ్బలాడతారు, తేలిపోయిందా, ఇక పనిలో పడతారు.

ఏప్రిల్ 14

కొత్తలంక పడవలు వచ్చాయి. పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. రేవులో మేం ఒక యాభై మందిమి ఉంటాం. మిగతా ఊరు తలుపులు వేసుకుంది.

పడవలు ఒడ్డుకు కొంచెం దూరంలో ఆగిపోయాయి. ఎందుకాగాయో మొదట నాకు తెలియలేదు. నీళ్ళు లోతుగానే ఉన్నాయి, రావచ్చు. ముందు పడవలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. వెనక పడవల్లో పిల్లలు కూడా ఏడవడం లేదు. వాళ్ళంతా మా చేతుల వైపు చూస్తున్నారు. అప్పుడర్థమైంది. మా చేతుల్లో గడలున్నాయేమోనని చూస్తున్నారు.

నేను రమ్మని చెయ్యి ఊపాను. వాళ్ళు కదల్లేదు.

అంకమరావు బాబాయి చొక్కా విప్పి గట్టు మీద పెట్టి నీళ్ళలోకి దిగాడు. నడుము లోతు దాకా నడిచి వెళ్ళి మొదటి పడవ అంచు పట్టుకున్నాడు.

“దిగమంటారాండీ?” అన్నాడు పెద్దాయన. గొంతు ఎండిపోయి మాట సగమే వచ్చింది.

“దిగండి” అన్నాడు బాబాయి. “జాగర్త, ఇక్కడ బురద జారుద్ది.”

అని ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని దింపాడు. తర్వాత ఒక ఆడమనిషిని. తర్వాత ఆమె పిల్లల్ని భుజాన వేసుకున్నాడు. కరుణాకర్ దిగాడు, నేనూ దిగాను. ఒకరి తర్వాత ఒకరు మా వాళ్ళందరూ దిగారు. ఒడ్డున కుండల్లో నీళ్ళు సిద్ధంగా పెట్టాం. ఆ పెద్దాయన గ్లాసు అందుకున్నాడు కానీ తాగలేదు, పిల్లలు తాగేదాకా పట్టుకునే నిలబడ్డాడు.

మే 21

దినచర్య రాయక చాలా రోజులైంది. రాయడానికి ఓపిక లేదు.

గాలి ముదిరింది. అంచనా యంత్రం చెప్పలేనన్న రోజులే వచ్చాయి. కుళాయి రోజు మార్చి రోజు వస్తోంది. నా కొట్టు మూసేశాను, పిండి రుబ్బడానికి నీళ్ళు లేవు. మొన్న ఎవరో కొట్టు తలుపు మీద బురద కొట్టి పోయారు. కొత్తలంక నుంచి వచ్చిన ఒక ముసలాయన వడదెబ్బకు పోయాడు. మా వార్డులో ఇద్దరు పసిపిల్లలు ఆస్పత్రిలో పడి లేచారు. ఆ పిల్లల తల్లుల ముఖాల్లోకి చూడలేకపోయాను. నాది తప్పేమో అని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పటికీ గట్టిగా కాదని చెప్పలేను.

సామ్రాజ్యం రోజూ కుళాయి దగ్గర నన్ను తిడుతూనే ఉంది. ఇవాళ ఏదో పని మీద ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కొత్తలంక కుటుంబం ఒకటి వంట చేసుకుంటోంది. ఇద్దరు పిల్లలు ఆమె మంచం మీద నిద్రపోతున్నారు. నేను నోరు తెరిచేలోపే అందుకుంది.

“ఏంటట్టా చూస్తావు? గోదాములో ఉక్కపోసి పిల్లలు పొక్కిపోతన్నారు. నీ మీద కోపం నీ మీదే ఉంది. వీళ్ళేం చేశారు?”

“నేనేమీ అనలేదు వదినా.”

“అనమాక. అంటే మళ్ళీ తిడతా.”

ఇంటికి వస్తూ దారి పొడవునా ఏడ్చాను. ఎక్కువ సంతోషంతోనే.

జూన్ 17

సమావేశంలో ఉన్నాం. కొత్తలంకలో గాలిబావులు తిరిగి నిలబెట్టే పని మొదలైంది. ఎక్కువమంది వానలు పడగానే వెళ్ళిపోతారు. ఒక నలభై కుటుంబాలకు మాత్రం ఇళ్ళు కూడా మిగల్లేదు, ఇక్కడే ఉండిపోతామంటున్నారు. వాళ్ళని ఊరివాళ్ళుగా రాసుకోవడం, ఓటు హక్కు ఇవ్వడం, ఇదీ ఈ రోజు చర్చ. అలవాటు ప్రకారం నాంచారమ్మ గారు వద్దనేవాళ్ళని మాట్లాడమన్నారు.

అప్పుడే రేకుల మీద టపటపమంది.

అందరం తలలెత్తాం. ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది, ఆ తర్వాత ఆగలేదు. బయట వీధిలో కేకలు, పరుగులు, గిన్నెల చప్పుడు. రెండో వార్డు సభ్యురాలు కుర్చీలోంచి సగం లేచింది.

“కూర్చోమ్మా” అన్నారు నాంచారమ్మ గారు వాన మోత మీద, లాంచీ గొంతుతో. “వాన ఎక్కడికీ పోదు. అంశం పూర్తి చేసి వెళ్దాం. వద్దనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

ఒకటో వార్డు సభ్యుడు కిటికీ వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు. ఎవరూ లేరు. ఏడు చేతులూ లేచాయి. ఆమె సంతకం పెట్టి, కలం మూత పెట్టి, “ఇక పదండి” అనేసరికి మేం తలుపు దాటేశాం.

వీధంతా జనం. ఎవరు మెరకపేటో ఎవరు కొత్తలంకో తెలియడం లేదు, అందరూ ఒకేలా తడిసిపోయారు. అంకమరావు బాబాయి తన షెడ్డు ముందు సగం కట్టిన పడవను నీళ్ళు పట్టడానికి వెల్లకిలా తిప్పించి, వానలోనే నిలబడి ఉన్నాడు.

“ఎటయిందమ్మాయ్?” అని అరిచాడు.

“అందరం ఒప్పుకున్నాం బాబాయ్! నలభై కుటుంబాలకీ ఓటు హక్కు ఇచ్చాం.”

“అయితే వచ్చేసారి వాళ్ళ ఇళ్ళకి కూడా తిరగాలన్నమాట.”

“ఎవరు తిరగాలి?”

“నేను. నీ మీద నిలబడతన్నా.”

నేను నమ్మలేక ఆయన ముఖంలోకి చూశాను. వేళాకోళం కాదు. “నిజంగానా? నన్ను దింపనన్నావు కదా ఆ రోజు?”

“అట్టా దింపనన్నా. ఓట్లతో దింపుతా.” ముఖం మీద వాన తుడుచుకుని నవ్వాడు. “పోటీ లేకపోతే పాడైపోతావు అమ్మాయ్. బాగా పని చేస్తన్నావు. ఇంకా బాగా చెయ్యి. అప్పుడు నిన్ను ఓడించడం నాకు కూడా కష్టమవుద్ది.”

“చూద్దాం బాబాయ్” అన్నాను. పడవలో నీళ్ళు నిండుతున్నాయి. అప్పటికే ఎవరో పిల్లలు ఎక్కి అందులో గంతులేస్తున్నారు. ఆయన వాళ్ళని తిట్టడానికి అటు తిరిగాడు.